నోరూరిన న్యాయం

కథలు చెప్పడమే తప్ప రాయడం నాకిదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

దాసమరాజుగారి వెండి సున్నపుకాయ మధ్యాహ్నం భోజనాలయ్యాక మాయమైంది. సున్నం లేని తాంబూలం నమిలితే నోరు పండలేదు గానీ, రాజుగారి మొహం మాత్రం ఎర్రగా పండింది.

"పొద్దుగూకేలోగా దొంగ తేలాలి! తేలినవాళ్ళ చెయ్యి తీయించేస్తా!"

ధర్మాధికారి అవధాని ఉత్తరీయం సర్దుకుని లేచాడు.

"ఎంతసేపు మహాప్రభో! తాంబూలం పళ్ళెం ఎత్తింది ఆ సూరి. దాని నోట్లో గుప్పెడు బియ్యం పోయిద్దాం. నమిలి ఉమ్మింది తడిగా ఉందా, నిర్దోషి. పొడిగా ఉందా, దొంగ. ధర్మదేవత నాలుక మీద కూర్చుని తీర్పు చెబుతుంది."

పళ్ళేలు తీసే సూరి గోడకి అతుక్కుపోయింది. భయానికి దాని నోట్లో చుక్క తడి లేదని వంటగత్తె గురవక్కకి చూడగానే తెలిసిపోయింది. ఆమెకి ఇంకోటీ తెలుసు. తాంబూలం చుట్టుకుంటూ, సున్నపుకాయని చేతిగుడ్డతో కలిపి పరధ్యానంగా రొంటిన దోపుకున్నది అవధానే. కళ్ళారా చూసింది. చెబితే మాత్రం? "నన్నే అంటావా" అని ఆ బియ్యం తన నోట్లోనూ పోయిస్తాడు.

"అయ్యగారూ, పిల్ల బెదిరిపోయింది. నమిలేదాకా పక్కన నిలబడి నాలుగు కబుర్లు చెప్పనా?"

"చెప్పుకోవే," అన్నాడు అవధాని. "దేవత ముందు నీ వంటింటి కబుర్లు ఏపాటి?"

సూరి బియ్యం నోట్లో పోసుకుంది. గురవక్క గొంతెత్తింది.

"ఒసే సూరీ, ఆవకాయ పెడదామే! మంచి పుల్లటి కాయ. కత్తి పడగానే వాసన గుప్పుమంటుంది చూడూ, అలాంటిది. కొత్త ఆవపిండి, ఉప్పు, పైన గానుగ నూనె. ముక్క కొరికితే కణతలు లాగాలి! వేడన్నంలో ఆ ఊట కలిపి, ఇంత వెన్నముద్ద వేసుకుని..."

కొలువంతా గుటకలు మింగింది. రాజుగారైతే అందరికీ వినబడేలా మింగారు.

సూరి ఉమ్మింది. బియ్యం దోసెపిండిలా జారింది.

"మోసం!" అని అరిచాడు అవధాని. అరిచేసరికి నోట్లో ఊరిందంతా గడ్డం మీదికి కారింది. సిగ్గుపడి, రొంటినున్న చేతిగుడ్డ విసురుగా లాగాడు.

సున్నపుకాయ ఠంగుమని రాజుగారి కాళ్ళ దగ్గర పడింది.

"అది... మరిచిపోయి... మహాప్రభో, నేను దొంగని కాను!"

గురవక్క వినయంగా చేతులు కట్టుకుంది.

"కారండీ. ధర్మదేవత నాలుక దిగి, మీ గడ్డం దాకా వచ్చి మరీ సాక్ష్యం చెబుతోందిగా!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. చెయ్యి దక్కిన సూరి ఏడుస్తూనే నవ్వింది.

"ఇక నా కొలువులో బియ్యం వండుకోడానికే!" అంటూ రాజుగారు బంగారు కడియం ఊడదీసి గురవక్కకి తొడిగారు.

మర్నాడు తెల్లారేసరికి కొలువు కొలువంతా గిన్నెలు పట్టుకుని వంటింటి ముందు నిలబడింది. అందరికంటే ముందు అవధాని.

"ఇంకా కాయే కొయ్యలేదు, పొండి!" అని గురవక్క తలుపేసుకుని మళ్ళీ పడుకుంది.