చమ్కీ అడగనివ్వని మూడో ప్రశ్న

అనగనగా ఒక అడవిలో ఎనిమిది బుల్లి చేపలు, ఒక తోకరాయుడు, ఒక ముసలి నత్త కాపురం ఉండేవి.

అడవంటే పెద్దది ఊహించుకోకండి పిల్లలూ. పొడుగు రెండున్నర అడుగులు. నాలుగు వైపులా అద్దం. పులుల్లేవు, సింహాల్లేవు. వానొచ్చినా తడవదు, ఎందుకంటే ఎప్పుడూ తడిసే ఉంటుంది. లేడీస్ టైలరు సువార్తక్క షాపులో, కుట్టు మిషను పక్కన బల్ల మీద ఉండే చేపల తొట్టి అది. లోపల పచ్చటి గడ్డి, ఒక నల్ల రాయి, పైన తెల్ల లైటు. ఆ లైటు వేసినప్పుడు చూడాలి, గడ్డి మీద వెన్నెల కాసినట్టే ఉంటుంది. అందులోకి దూరి అక్కడే ఉండిపోదామనిపిస్తుంది. కానీ ఊపిరాడదు. అందుకని కథ చెప్పుకుందాం.

సువార్తక్క తన చేపలకి షాపులో సామాన్ల పేర్లే పెట్టుకుంది. ఒంటి మీద నీలం గీత మెరిసే నియాన్ చేపలు ఎనిమిది. వాటిలో ఎక్కువ మెరిసేదీ, ఎక్కువ కలలు కనేదీ మన చమ్కీ. తోక విసనకర్రలా విప్పుకుని తిరిగే గప్పీ చేప పేరు కుచ్చిళ్ళు. నత్త పేరు గుండీ. ఆవిడ వయసెంతో ఎవరికీ తెలీదు కాబట్టి అందరూ గుండీ మామ్మ అనేవారు.

ఆ తొట్టికి ఒక పద్ధతుంది. కొత్త చేపని తెచ్చిన రోజున సువార్తక్క దాన్ని టక్కున నీళ్ళలో పోసెయ్యదు. కవరుతో సహా నీళ్ళ మీద అరగంట తేలేస్తుంది. కవర్లో నీళ్ళూ తొట్టిలో నీళ్ళూ ఒకే వెచ్చదనానికి రావాలి కదా, అందుకు. ఆ అరగంటా ఆవిడ ఒక కన్ను మిషను మీద, ఒక కన్ను తొట్టి మీద వేసుకుని కూర్చుంటుంది. పాత చేపలు కవరు చుట్టూ మూగితే నచ్చిందని రబ్బరు బ్యాండు విప్పుతుంది. అవి రాయి వెనక దాక్కుంటే, కవరు తీసుకెళ్ళి రంగు చేపల షాపాయనకి తిరిగిచ్చేస్తుంది.

లోపలి వాళ్ళకి మాత్రం ఆ అరగంట అచ్చంగా పెళ్ళిచూపులే. గుండీ మామ్మ అద్దానికి తలకిందులుగా అతుక్కుని, కవరు దాకా పాకి, మూడు ప్రశ్నలడిగేది.

"నువ్వేం తింటావు? నీళ్ళెంత వెచ్చగా ఉండాలి? మీ అమ్మా నాన్నా ఎంతెంత ఉంటారు?"

ఒక ఆదివారం కవర్లో బంగారు చేప వచ్చింది. బుగ్గలు, బొజ్జ, అంతా బంగారమే.

"ఏం తింటావు బాబూ?" అంది మామ్మ.

"ఏం పెడితే అదండి. పెట్టకపోతే గడ్డి. గడ్డి అయిపోతే అప్పుడు చూద్దాం."

"నీళ్ళు?"

"అబ్బో, ఇక్కడ ఉడికిపోతోందండి. ఫ్యాను లేదా?"

"మీ అమ్మా నాన్నా?"

"మా నాన్న జానెడు. మా అమ్మ ఇంకాస్త నిండుగా ఉంటుంది."

మామ్మ వెనక్కి తిరిగి అందరితో అంది. "జానెడు మనిషి ఎంత తింటాడో వదిలెయ్యండి. ఎంత దొడ్డికి వెళ్తాడో ఆలోచించండి. మనం ఊపిరి పీల్చేది అందులోనే."

అందరూ ఒక్క ఉదుటున రాయి వెనక్కి పోయారు. బంగారు చేప వెనక్కి పోయింది.

రెండో ఆదివారం టైగర్ బార్బ్ వచ్చింది. ఒంటి నిండా పులి చారలు. అడవన్నాక ఆ మాత్రం పులి ఉండాలి కదా.

"ఏం తింటావు?"

"మేతే మామ్మా. మధ్యలో ఊసుపోకపోతే తోకలు కొరుక్కుంటా."

కుచ్చిళ్ళు అప్పటికే రాయి వెనకున్నాడు. తోక చివర మాత్రం బయటికి కనిపిస్తోంది.

"అదిగో, ఆ తోకెవరిది? భలేగుందే!" అంది బార్బ్. "నేను చెడ్డవాణ్ణి కాదు మామ్మా. పదిమందిమి కలిసుంటే మాలో మేమే కొట్టుకుంటాం, బయటి వాళ్ళ జోలికి రాం. నన్నొక్కణ్ణే కట్టి పంపించారు. తోచక చస్తాను."

"నిజం చెప్పావు నాయనా, సంతోషం. వెళ్ళిరా" అంది మామ్మ. పులి కూడా వెనక్కి పోయింది.

మూడో ఆదివారం షాపాయన రెండు కవర్లు పంపాడు. రెండిట్లో ఒకటే ఉంచుకోమన్నాడు.

మొదటి కవర్లో ముగ్గురు మీసాలవాళ్ళు. నేల మీద పాకుతూ బతికే కోరీ చేపలు. రంగు బురద రంగు. మొహాలు రేషన్ కార్డు మీద ఫొటోల్లా ఉన్నాయి.

"మీరు తినగా కింద పడ్డవి తింటామండి" అన్నాడు వాళ్ళలో పెద్ద మీసాలాయన. "నీళ్ళు మీకెలాగో మాకూ అలాగే. మా నాన్న బొటనవేలంత. మా తాతా బొటనవేలంతే. మా వంశంలో బొటనవేలు దాటినవాడు లేడండి."

"దాటనందుకు గొప్పలు కూడానా!" అని నవ్వింది చమ్కీ.

అప్పుడు రెండో కవరు తిరిగింది.

ఏం చెప్పను పిల్లలూ! సువార్తక్క గుడ్డ మీద గీతలు గీసే సుద్దబిళ్ళ ఉంటుందే, సరిగ్గా అంత. అదే ఆకారం. ఒళ్ళంతా వెండి. దాని మీద నల్ల చారలు. కింద నుంచి రెండు రెక్కలు పట్టుదారాల్లా వేలాడుతున్నాయి. కవరు మడతల్లో ఆ వెండి వంద ముక్కలై మెరిసింది. ఏంజెల్ చేప అంటారు దాన్ని. సువార్తక్క అప్పటికే జరీ అని పేరు పెట్టేసింది. చమ్కీ నోరు తెరిచింది, మళ్ళీ ముయ్యడం మర్చిపోయింది.

"ఏం తింటావు?" అంది మామ్మ.

"నాకు ఆకలి తక్కువండి" అన్నాడు జరీ. "ఎక్కువ చూస్తూ ఉండిపోతాను." అని చమ్కీ వైపు చూశాడు.

"నీళ్ళు?"

"ఈవిడ ఈదే నీళ్ళయితే చాలు."

చమ్కీ మీద నీలం గీత రెండింతలు వెలిగింది.

"మరి మీ అమ్మా నా..." అని మొదలుపెట్టింది మామ్మ.

"చాల్లే మామ్మా!" అంది చమ్కీ. "కవర్లో వచ్చింది ఆయన. ఆయన అమ్మా నాన్నా కాదు కదా."

"అది కాదే పిల్లా, నేనడిగేది..."

"ఎంత ఉన్నాడో కళ్ళ ముందే కనిపిస్తుంటే మళ్ళీ అడగడమెందుకు? నువ్వు జన్మంతా రాళ్ళ మీద నాచు నాకావు. నీకేం తెలుసు ఇలాంటివి?"

మామ్మ జవాబు చెప్పడానికి నోరు తెరిచేలోపే చమ్కీ కవరు దగ్గరికి దూసుకుపోయింది. నియాన్ల సంగతి తెలుసుగా, ఒకటి ఎటు తిరిగితే మిగతా ఏడూ అటే. ఎనిమిదీ కవరు చుట్టూ మూగాయి.

సువార్తక్క మిషను ఆపింది. "అబ్బ! వీడి కోసం పడి చస్తున్నాయి కదా!" అని రబ్బరు బ్యాండు విప్పింది.

మీసాలవాళ్ళ కవరు పైకి లేచింది. "పర్లేదండి, మాకలవాటే" అన్నాడు పెద్ద మీసాలాయన.

ఇక మొదలైంది చూడండి ప్రేమ! గడ్డిలో ఇద్దరూ పక్కపక్కనే తిరిగేవాళ్ళు. "నీ నీలం గీత పట్టుకుని ఈదితే నేనెప్పుడూ దారి తప్పను" అనేవాడు జరీ. ఎంత బాగా అన్నాడో! ఇలాంటి మాట ఒక్కటి చెవిన పడితే ఎవరికైనా కాళ్ళు నేల మీద నిలవవు. చమ్కీకైతే కాళ్ళే లేవు, ఇంకేం నిలుస్తుంది పాపం.

జరీ మేత బాగా తిన్నాడు. ఆకలి తక్కువన్న మాట ఏమైందో ఎవరూ అడగలేదు. సుద్దబిళ్ళంత ఉన్నవాడు చలికాలం వచ్చేసరికి చొక్కా జేబంత అయ్యాడు. ఎండాకాలానికి జాకెట్టు చెయ్యంత అయ్యాడు.

"మా జరీ ఎంత నిండుగా తయారయ్యాడో చూశారా!" అని మురిసిపోయేది చమ్కీ.

"ఒళ్ళు సరే చెల్లెమ్మా, నోరు కూడా చూడు" అన్నాడు కుచ్చిళ్ళు. "నిన్న ఆవలిస్తే నాకు లోపల పొట్ట దాకా కనిపించింది. కిందకి దిగడానికి మెట్లు కూడా ఉన్నట్టున్నాయి."

"నీకు కుళ్ళు" అంది చమ్కీ.

ఒక పొద్దున చూస్తే నియాన్లు ఏడే ఉన్నాయి. చమ్కీ వెనకాలే తిరిగే చిట్టి తమ్ముడు లేడు.

"గడ్డి వెనకున్నాడేమో" అన్నాడు జరీ. అని చిన్నగా త్రేన్చాడు.

వారం పోయాక ఆరు. ఇంకో వారం పోయాక ఐదు. ఈసారి చమ్కీ గడ్డంతా వెతికింది. రాయి వెనక, రాయి కింద, గాలి బుడగల గొట్టం పక్కన, అన్నీ చూసింది. ఎక్కడా ఎవరూ లేరు. తిరిగొచ్చి జరీ ముందు నిలబడింది.

"నిజం చెప్పు" అంది.

జరీ తల దించుకున్నాడు. "నేను చెడ్డవాణ్ణి కాను చమ్కీ. కానీ నోరు పెరిగింది. మొదట్లో వాళ్ళు నా నోట్లో పట్టేవాళ్ళు కాదు, స్నేహంగా ఉండేవాణ్ణి. ఇప్పుడు పడుతున్నారు."

"మరి నేను?"

"నీ మీద ప్రేమ అలాగే ఉంది. ఒట్టు. ఇదివరకు నిన్ను చూస్తే గుండె దగ్గర అదోలా ఉండేది. ఇప్పుడు కాస్త కిందకి దిగి, పొట్ట దగ్గర అదోలా ఉంటోంది. నువ్వు కొంచెం దూరంగా ఉంటే మంచిది."

ఇంత నిజాయితీగా చెప్పాక కోప్పడడానికి కూడా చోటు లేదు కదా. చమ్కీ నేరుగా గుండీ మామ్మ దగ్గరికెళ్ళి ఏడ్చింది. నీళ్ళలో ఏడిస్తే ఎవరికీ కనిపించదు. మామ్మకి మాత్రం కనిపించింది.

"ముగ్గుర్ని చంపుకున్నాను మామ్మా. మిగిలిన వాళ్ళనైనా ఎలా బతికించుకోను?"

"నేను నాకే నాచు గురించి తర్వాత మాట్లాడదాం" అంది మామ్మ. "సువార్తకి మన భాష రాదు. మూగితే ఇష్టం, దాక్కుంటే అయిష్టం, ఆవిడకి తెలిసినవి ఆ రెండే. దాక్కోండి. మేతకి కూడా రావద్దు."

"మేతకి కూడానా!" అన్నాడు కుచ్చిళ్ళు. ప్రాణం పోయినంత పనైంది వాడికి.

మొదటి రోజు మేత వేస్తే జరీ ఒక్కడే పైకొచ్చాడు. "అలిగాయి" అనుకుంది సువార్తక్క. పెళ్ళిళ్ళ రోజులు, జాకెట్లు గుట్టలుగా ఉన్నాయి, మళ్ళీ మిషనెక్కింది. రెండో రోజూ జరీ ఒక్కడే. "మేత పాతబడిందేమో" అని డబ్బా మార్చింది. మూడో రోజు కుచ్చిళ్ళు తన తోకనే ఆకలిగా చూసుకుంటున్నాడు. ఇంకో పూట దాటితే వాడే పైకి పోయేలా ఉన్నాడు.

"ఇలా లాభం లేదు. ఆవిడ తన కళ్ళతోనే చూడాలి" అంది చమ్కీ.

సువార్తక్క మేత డబ్బా పట్టుకుని వంగిన సమయం చూసి, చమ్కీ రాయి వెనక నుంచి బయటికొచ్చింది. తిన్నగా జరీ మూతి ముందుకెళ్ళి ఆగింది. ఒళ్ళంతా వణుకుతోంది. ఆ వణుకులో ఇంకా మెరుస్తోంది.

"జరీ, కవర్లో ఉన్న రోజున నాకేం చెప్పావో ఒక్కసారి మళ్ళీ చెప్పవూ?"

"వద్దు చమ్కీ, నోరు తెరిస్తే బాగోదు."

"ఒక్కసారి."

జరీ కళ్ళు మూసుకున్నాడు. "ఈవిడ ఈదే నీళ్ళయితే..." అన్నాడు. అంతే. 'చాలు' అనే మాట రాలేదు. నోరు పెద్దదై నీళ్ళని లోపలికి లాగింది, తప్పుకోబోయిన చమ్కీ తోక ఆ నోట్లో పడింది.

"ఒరేయ్!" అని అరిచింది సువార్తక్క. బల్ల మీది కత్తెర అందుకుని దాని పిడితో అద్దం మీద టంగుమని కొట్టింది. జరీ ఉలిక్కిపడి నోరు తెరిచాడు. చమ్కీ బయటపడింది. తోక చివర మాత్రం లోపలే ఉండిపోయింది.

సువార్తక్క నియాన్లని లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. తర్వాత మెళ్ళో ఉన్న టేపు తీసి, అద్దం మీద ఆనించి జరీని కొలిచింది. పై రెక్క కొస నుంచి కింది రెక్క కొస దాకా ఆరున్నర అంగుళాలు. నుదురు కొట్టుకుంది.

"ఎదిగే పిల్లకి గౌను కుడితే లోపల రెండంగుళాల గుడ్డ మడిచి వదుల్తానే! ఇరవై ఏళ్ళుగా వదుల్తున్నానే! వీడు కూడా ఎదుగుతాడని నాకెందుకు తట్టలేదు?"

ఆ మధ్యాహ్నమే జరీ మళ్ళీ కవర్లోకెక్కాడు. ఈసారి పెద్ద కవరు. షాపులో తనంతటి వాళ్ళుండే పెద్ద తొట్టి ఉందట, అక్కడికి. పోయే ముందు కవర్లోంచి అడిగాడు.

"నా మీద కోపమా చమ్కీ?"

"లేదు" అంది చమ్కీ. "నోరు మూసుకున్నంతసేపూ నువ్వు చాలా మంచివాడివి."

సాయంత్రం సువార్తక్క ఇంకో కవరు తేలేసింది. లోపల ముగ్గురు మీసాలవాళ్ళు, అదే రేషన్ కార్డు మొహాలతో. గుండీ మామ్మ ఇంకా అద్దం మీద సగం దూరం కూడా పాకలేదు, చమ్కీ మొండి తోకతో వాళ్ళ ముందుంది.

"మూడో ప్రశ్న ముందడుగుతాను" అంది. "మీ నాన్నగారు ఎంత ఉంటారు?"

"పోయినసారే చెప్పామండి, బొటనవేలంత" అన్నాడు పెద్ద మీసాలాయన.

"తెలుసు. ఇంకోసారి చెప్పండి. వినడానికి చాలా బాగుంది."

నీతి: మీ మధ్యకి వచ్చేవాడు ఇవాళ ఎంత అందంగా ఉన్నాడో చూసి మురిసిపోకండి, రేపు ఎంత పెరుగుతాడో, అప్పుడేం తింటాడో అడిగి మరీ రానివ్వండి.