బావి గట్టు మీద మాట

తన మాటలు ఎవరైనా రాసుకుంటున్నారని తెలిస్తే పరాంకుశం గారు మాట్లాడటం ఆపేసేవారు. శిష్యుడు భైరవమూర్తికి ఈ అలవాటు మింగుడుపడలేదు. ఒకరోజు అడిగేశాడు.

“మీరన్నదే రాస్తున్నాను గురువుగారూ, ఒక్క అక్షరం మార్చడం లేదు. నోటితో అంటే ఒప్పయినది, కాగితం మీద పెడితే తప్పవుతుందా?”

ఆయన వాదించలేదు. తాను పుట్టిన పేటలో జరిగింది చెప్పారు.

అది రోళ్ళు, తిరగళ్ళు కొట్టి బతికేవాళ్ళ పేట. ఉన్నది ఒకటే మంచినీళ్ళ బావి. తగవులన్నీ పెద్దమనిషి జగ్గప్ప తీర్చేవాడు. బావి దగ్గర ఎవరైనా కట్టు తప్పితే, “నీకీ బావి నీళ్ళు లేవు, పో” అనేవాడు. ఇక్కడొక సంగతి తెలుసుకోవాలి. ఆ శిక్షకు గడువు చెప్పే ఆచారం లేదు. ఇరుగుపొరుగులు గోడ మీదుగా కడవ అందిస్తుంటే జగ్గప్ప చూడనట్టే పోయేవాడు. కోపం చల్లారాక ఆ ఇంటిముందు ఆగి, “ఏం, బిందెకు చిలుం పట్టిందా?” అనేవాడు. అంతటితో శిక్ష తీరిపోయేది. దానికి వేరే తీర్పు అక్కర్లేదని పేటలో అందరికీ తెలుసు.

ఒక ఎండాకాలం, ఇంటికి చుట్టాలొచ్చారని వంతు తప్పి నీళ్ళు తోడుకున్నందుకు జగ్గప్ప సొంత చెల్లెలు కోటమ్మకే ఆ శిక్ష పడింది. తోడబుట్టిందని కూడా చూడలేదని పేటంతా మెచ్చుకుంది. అప్పుడప్పుడే బడిలో అక్షరాలు నేర్చిన కుర్రకారు, పెద్దాయనకు గౌరవంగా ఉంటుందని, బావి గట్టు మీద చెక్కేశారు: ‘కోటమ్మకు ఈ బావి నీళ్ళు లేవు.’

ఆ రోజు నుంచి గోడ మీదుగా కడవలు రావడం ఆగిపోయింది.

కొన్నాళ్ళకు జగ్గప్ప ఆమె గుమ్మం ముందు ఆగాడు. “ఏమే, బిందెకు చిలుం పట్టిందా?”

“బిందెకేం, నీ నోటికే పట్టిందనుకున్నానన్నా! ఇన్నాళ్ళా?” అంటూ కోటమ్మ బిందె చంకనెత్తుకుని పరుగున వచ్చింది. బావి దగ్గర జనం అడ్డుపడి గట్టు చూపించారు.

జగ్గప్పకు చదువు రాదు. ఆ అక్షరాలు చదివించుకుని విన్నాడు.

“నేనన్నదే. కానీ నేనట్లా అనలేదురా,” అన్నాడు.

“అదేం మాట మావా? నువ్వు కొట్టెయ్యమంటే ఇప్పుడే కొట్టేస్తాం, ఉలి చేతిలోనే ఉంది. కానీ చెల్లెలి కోసం చెరిపించాడంటారు. రేపు నీ తీర్పు ఎవడు వింటాడు?” అన్నాడు చెక్కిన కుర్రాళ్ళలో ఒకడు.

“వాళ్ళకు చెప్పన్నా,” అంది కోటమ్మ.

జగ్గప్ప రాయి వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఖాళీ బిందెతో వెనక్కి పోయింది. రాళ్ళు తవ్విన గుంటలో మిగిలిన నీళ్ళే తెచ్చుకుని తాగింది. తొలకరి పడకముందే వాంతులూ విరేచనాలూ పట్టుకుని ప్రాణం విడిచింది.

భైరవమూర్తి అడిగాడు. “తర్వాతైనా చెరిపేశారా గురువుగారూ?”

“ఎందుకు చెరుపుతారు నాయనా?” అన్నారు పరాంకుశం గారు. “ఇప్పుడందులో ఒక్క తప్పూ లేదు.”