మాచయ్య వాకిట్లో రాజుగారి మంచం

ఒకానొక రాజ్యంలో వీరకంఠీరవుడని ఓ రాజుగారు ఉండేవాడు. ఆయనకు గొప్పలంటే మహా ప్రీతి. తుమ్మితే బాకా ఊదాలి. ఆవులిస్తే కొలువంతా చిటికెలు వేయాలి.

అలాంటి రాజుగారికి దంతపు మంచం మీద మనసు పడింది. కొత్తది రావాలంటే పాతవి పోవాలి గదా. పడకటింట్లో పందిరి మంచాలూ పట్టె మంచాలూ భోషాణాలూ కాలు పెట్టే సందు లేకుండా పడి ఉన్నాయి. వాటిని అమ్మేద్దామనుకున్నాడు.

కొలువులో కూర్చుని అడిగాడు.

"మేం పడుకున్న మంచానికి ధర తగ్గుతుందా, పెరుగుతుందా?"

"పెరుగుతుంది మహాప్రభూ!" అన్నారు అందరూ. అది ఎక్కడ తమ నెత్తిన పడుతుందోనని లోపల గుండెలు పీచుపీచుమంటూనే ఉన్నాయి.

మాచయ్య ఒక్కడికే నోరు ఊరుకోలేదు. ఆ కొలువులో నవ్వించడం అతని పని.

"మా వైపు వాడిన మంచం కొనాలంటే ముందు దాన్ని ఎండలో వేసి కర్రతో నాలుగు బాదుతారు ప్రభూ. నల్లులు రాలకపోతే అప్పుడు బేరం. అదీ సగం ధరకే."

కొలువంతా గొల్లున నవ్వింది. రాజుగారి మీసం అదిరింది.

"ఓహో! అయితే అన్నిటికన్నా పెద్ద పందిరి మంచం నువ్వే కొంటున్నావు. ధర, చెరువు కింద ఉన్న నీ పొలం. పౌర్ణమి నాడు అందులో మా హద్దురాయి పాతిస్తాం."

నవ్విన నోళ్లు టక్కున మూతపడ్డాయి. మాచయ్యకు ఉన్నదల్లా ఆ పొలమే. కొలువులో దొరికేది తాంబూలం. ఇంటిల్లిపాదీ తినే గింజ మాత్రం ఆ మడిలోదే.

అయినా అతను చేతులు జోడించాడు.

"మహాభాగ్యం ప్రభూ. కానీ అంతటి శయ్యను ఎలా చూసుకోవాలో మాబోటివాళ్లకేం తెలుసు? దాని మర్యాదలేమిటో తమరే చాటింపు వేయించండి. తెలియక తప్పు చేస్తే తల పోతుంది."

రాజుగారు ఉబ్బిపోయాడు.

"వేయించండి చాటింపు! మా శయ్య ఎక్కడ ఉంటే అదే మా అంతఃపురం. అది కనబడినంత మేర మేం తప్ప మరో మగవాడు కాలు పెట్టరాదు. బండి నడవరాదు. బరువు మోయరాదు. దాని మీద ఉలీ సుత్తీ పడరాదు. తప్పితే తల తీయిస్తాం!"

మాచయ్య ఇల్లు కోటవీధిలో, సరిగ్గా కోట గుమ్మానికి ఎదురుగా ఉంది. కోటలోకి ఉప్పు వెళ్లాలన్నా పప్పు వెళ్లాలన్నా ఆ వీధి ఒక్కటే దారి.

సంగతి విని అతని భార్య పేరమ్మ నెత్తి బాదుకుంది.

"ఆ నోటికో తాళం చేయించండీ అని కాపురానికొచ్చిన నాటి నుంచీ మొత్తుకుంటున్నాను. విన్నారూ? రేపు పిల్లలకు ఏం పెట్టమంటారు? మంచంకోళ్లు ఉడకేసి పెట్టనా?"

మాచయ్య ద్వారబంధాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా జానలు పెట్టి కొలిచాడు.

"ఇల్లు ఇరుకు, ద్వారం ఇరుకు అని సణుగుతుంటావే, ఇక సణగకు పేరమ్మా. మన పొలాన్ని కాచేది ఈ ఇరుకే" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మోతగాళ్లు మంచం తెచ్చారు. నిలువుగా పెట్టారు, అడ్డంగా పెట్టారు, వాలుగా పెట్టారు. ఊహూఁ, గుమ్మంలో పట్టలేదు. చివరికి చేసేదిలేక వీధి మధ్యలో దించారు. దించీ దించగానే వాళ్లకు చాటింపు గుర్తుకొచ్చింది. తలపాగాలు ఊడిపోతున్నా చూసుకోకుండా పరుగో పరుగు!

అంతే. కోటవీధి కాస్తా రాజుగారి అంతఃపురమైపోయింది.

మగవాళ్లు పెరటి దోవ పట్టారు. కూరగాయల బండ్లు వీధి మొదట్లోనే ఆగిపోయాయి. మాచయ్య పొలంలో పాతాల్సిన హద్దురాయి బండి కోటలోంచి బయటికే రాలేదు. మంత్రి దండపాణి పల్లకి దిగి వీధిలోకి తొంగిచూశాడు. ఆడవాళ్లంతా మంచం చుట్టూ చేరి కందికాయలు వలుస్తున్నారు.

"మంత్రిగారూ, అంతఃపురంలోకి తొంగిచూస్తున్నారేం?" అని పేరమ్మ ఒక్క కేక పెట్టింది.

దండపాణి ఉత్తరీయం ముఖాన కప్పుకుని వెనక్కి తిరిగాడు.

కోటలో రాజుగారికి ఆ పూట ఊరగాయతో భోజనం. రాత్రికి మజ్జిగ. మర్నాడు మళ్లీ ఊరగాయ. ఆ మర్నాడు ఊరగాయ కూడా అడుగంటింది.

"కూరేదిరా?" అని గర్జించాడు రాజుగారు.

"తమ మంచం అడ్డొచ్చింది ప్రభూ" అన్నాడు వంటవాడు, గరిటె వెనక దాక్కుని.

రాజుగారు మండిపడుతూ బయల్దేరాడు. గొడుగువాడూ, వింజామరవాళ్లూ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. అందరూ మగవాళ్లే మరి! తన గొడుగు తనే పట్టుకుని, ఎండలో నడిచి, చెమటలు కక్కుతూ మాచయ్య ఇంటిముందు నిలబడ్డాడు.

"మాచయ్యా! బయటికి రా!"

"రాలేను ప్రభూ" అంది తలుపు వెనక నుంచి గొంతు. "వీధి తమ అంతఃపురం. నేను మగవాణ్ణి."

"మంచం లోపల పెట్టుకోవేం?"

"గుమ్మం పట్టదు ప్రభూ."

"అయితే విడగొట్టించు!"

"రాజశయ్య మీద సుత్తి దెబ్బా! ఎంత మాట!"

"పోనీ, గోడ పడగొట్టు!"

"పడగొట్టేవాళ్లు రావాలి గదా. వాళ్లూ మగవాళ్లే."

రాజుగారు పళ్లు నూరాడు.

"సరే. ఆ ఆజ్ఞ ఎత్తేస్తున్నాం. వచ్చి చావు!"

మాచయ్య తలుపు సందులోంచి ముక్కు మాత్రం బయటపెట్టాడు.

"తొందరపడకండి ప్రభూ. ఆజ్ఞ ఉంటే అది రాజశయ్య. ఆజ్ఞ ఎత్తేస్తే ఉత్త పాత మంచం. నేను పొలం ఇస్తున్నది శయ్యకు. పాత మంచానికి మడిచెక్క ఎవడిస్తాడు? రెంటిలో ఏది ఉండాలో తమరే సెలవివ్వండి."

సరిగ్గా అప్పుడే పేరమ్మ వంటింట్లోంచి గుత్తొంకాయ కూర వాసన ఘుమఘుమలాడుతూ వచ్చి రాజుగారి ముక్కుకు తగిలింది. ఆయన కడుపు గుర్రుమంది. వీధిలో ఆడవాళ్లందరికీ వినబడింది.

ఆయన ఒక్క క్షణం ఎర్రబడ్డాడు. తర్వాత పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. నవ్వుతూ ఆ మంచం మీదే కూలబడ్డాడు. అది కిర్రుమని మూలిగింది.

"పాత మంచమేనోయ్! ఏళ్ల తరబడి దీని మూలుగుతో నాకు నిద్రే లేదు. అందుకే అమ్ముతున్నా" అన్నాడు.

"అదీ, అలా నిజం చెప్పండి దొరా, బేరం కుదురుతుంది" అంటూ పేరమ్మ కొంగు బిగించి వచ్చింది. మంచంకోళ్లు తట్టింది. పట్టె కింద వేలుపెట్టి చూసింది. పెదవి విరిచింది. "ఈ కోడు బీట వారింది. పందిరికి చెద పట్టింది. బుట్టెడు వంకాయలిస్తాను. అదీ తమ ముఖం చూసి."

"వంకాయలు వండి పెడితేనే బేరం!" అన్నాడు రాజుగారు.

"కాళ్లు కడుక్కోండి."

రాజుగారు మాచయ్య అరుగు మీద విస్తరి ముందు కూర్చున్నాడు. మారు వడ్డించుకున్నాడు. మళ్లీ వడ్డించుకున్నాడు. మాచయ్య పొలం మాచయ్యకే వదిలేశాడు. పక్కనున్న రెండు మళ్లు కూడా దానికి కలిపాడు. పేరమ్మకు తన చేతి కంకణం తీసి ఇచ్చాడు. ఇకమీద ఎవరికీ బలవంతంగా మంచాలు అంటగట్టనని ఒప్పుకున్నాడు.

చేయి కడుక్కుని లేచి నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చాడు. ఎవరూ వినకుండా మాచయ్య చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"పడకటింట్లో ఇంకా బోలెడు మంచాలున్నాయోయ్. రేపు మీ ఆవిడ ఏం కూర వండుతుందో కాస్త కనుక్కో."