కణమ్మ గోడకు తలుపులెలా వచ్చాయి

ఒకప్పుడు, జీవకణానికి గోడంటూ లేని కాలంలో, వెచ్చని సముద్రపు గుంటలో కణమ్మ ఉండేది. కంటికి ఆననంత చిన్న ప్రాణి. అల తగిలినప్పుడల్లా ఆమె ఒంట్లోది కాస్త కొట్టుకుపోయేది.

"ఇలాగైతే నేను మిగలను. ఎవరైనా నా చుట్టూ నిలబడండమ్మా," అని అడిగింది.

కొవ్వులు వచ్చాయి. ఒక్కోదానికి ఒక తల, రెండు తోకలు. తలకు నీళ్లంటే ప్రాణం. తోకలకు నీళ్లంటే హడల్. నవ్వకండి, ఏ భయమూ లేనివాళ్లు మీలో ఎవరో చెప్పండి ముందు.

తలలు సముద్రం వైపు, తోకలు లోపలికి పెట్టి అవి వరస కట్టాయి. కణమ్మ ఒంట్లోనూ నీళ్లే కదా! తోకలు తడిసి లబోదిబోమన్నాయి.

వాటిలో పెద్దది జిడ్డక్క. "ఇంకో వరస రండే. మీరు తలలు లోపలికి పెట్టి, తోకలు మా తోకల వైపు తిప్పండి," అంది.

రెండు వరసల మధ్య తోకలన్నీ పొడిగా సర్దుకున్నాయి. గోడ నిలిచింది. కణమ్మకు తిండి అయిన చక్కెర వచ్చింది, గోడ బయటే ఆగిపోయింది.

"జిడ్డక్కా, ఆకలేస్తోంది. దాన్ని రానీ."

"దారిస్తే నీళ్లు మా తోకల మీద పడతాయి. ఓర్చుకో."

కాపలా పేరుతో కడుపు మాడ్చేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. అయినా జిడ్డక్కను తిట్టడానికి నాకు నోరు రాదు. ఆమె భయం దొంగ భయం కాదు.

కణమ్మ ఒంట్లోనే మడతయ్య ఉండేవాడు. ప్రోటీన్ల ఇంటివాడు, పొడుగాటి దారంలాంటి మనిషి.

"అక్కా, మీ మధ్య నాకు చోటివ్వు. చక్కెరకు నేను దారిస్తా."

"నువ్వా? తలేది, తోకేది నీకు? చిక్కుపడ్డ దారంలా ఉన్నావు."

"దారమే. ఎలా కావాలంటే అలా మడుచుకుంటా."

"ఒళ్లంతా తడి పెట్టుకుని మాలోకొస్తావా?"

"అంతా తడి కాదక్కా. చూడు."

మడతయ్య ఒళ్లు విప్పి మళ్లీ మడుచుకున్నాడు. నీళ్లంటే ఇష్టపడే భాగాలను పైకొసకు, కిందికొసకు, లోపలి దారికి తెచ్చుకున్నాడు. నడుము చుట్టూ నూనె భాగాలను బయటికి తిప్పాడు.

"తోక ఆనించి చూడు."

జిడ్డక్క భయంభయంగా ఆనించింది. పొడిగా ఉంది, జిడ్డుగా ఉంది, తోడబుట్టినవాడిలా ఉంది.

అప్పటికి కణమ్మ గొంతు వినిపించడం మానేసింది.

"జరగండే, పక్కకి జరగండి," అంది జిడ్డక్క. కొవ్వులు జారి చోటిచ్చాయి. మడతయ్య వాటి మధ్య నిలబడ్డాడు. అతని లోపలి దారిగుండా చక్కెర దూరింది. తోకల మీద ఒక్క చుక్క పడలేదు.

చాలాసేపటికి లోపల్నుంచి చిన్న గొంతు వచ్చింది. "ఇంకొంచెం పెట్టవూ?"

అప్పటినుంచే గడ్డిపోచలో అయినా, మీ చిటికెనవేలిలో అయినా కణం చుట్టూ రెండు వరసల కొవ్వుంటుంది. నడుమ ప్రోటీన్లు తలుపులై నిలబడతాయి. కొవ్వులు ఒకచోట ఆగవు, జారుతూ, జరుగుతూ ఉంటాయి. ఆ తోకలకు ఇవాళ్టికీ నీళ్లంటే భయమే. అయినా చోటిస్తూనే ఉన్నాయి.