నక్క బావకు మేళతాళాలు

ఆ ఏడు ఎండలు ఎలా కాశాయంటే, కోడి పెట్టిన గుడ్డు నేలకు తగిలేలోపే ఉడికిపోయేది. వాగులో చేపలు దుమ్ము దులుపుకుని నడిచి వెళ్లిపోయాయి. అబద్ధమనుకుంటే ఆ చేపల్నే అడగండి.

అయినా మోదుగుమిట్ట మీద జంతువులు బతికి ఉన్నాయంటే అది పాతర చలవే. పండిన ఏళ్లలో తలా పిడికెడు జొన్నలు పోసి దాచిన గొయ్యి అది. దానికో కట్టుబాటుంది. ఏ ఇంటివాళ్లకు వాళ్లే దిగాలి, బుట్ట మీద గుడ్డ కప్పుకునే దిగాలి, కప్పుకునే పైకి రావాలి. పోసి వచ్చారా, తీసుకుని వచ్చారా అని ఎవరూ అడగకూడదు. లేనివాళ్ల మొహం చిన్నబోకూడదని పెద్దలు పెట్టిన మర్యాద.

చుక్కల కోడికి పిల్లలు ఏడుగురు, అభిమానం డెబ్భై మందికి సరిపడా. మూడు రోజులు పస్తులుండి, నాలుగో రోజు పిల్లల మెడలు వాలిపోతుంటే బుట్ట పట్టుకుని పాతరలోకి దిగింది. అడుగున ఒక్క గింజ లేదు.

వట్టి బుట్టతో వస్తుంటే నక్క ఎదురైంది.

"ఏం అక్కా, పిల్లలు సోలిపోయారే. మా బొరియకు తోలుకురా, జొన్నలు పోస్తాను."

"నువ్వు జొన్నలు తినవుగా తమ్ముడూ?"

"నేను తినకపోతేనేం? మీలాంటి వాళ్ల కోసమే దాచాను."

కోడి తిన్నగా మిట్టకు పెద్దదిక్కైన పుల్లెద్దు దగ్గరికి పరుగెత్తింది. అంతా విని ఎద్దు నెమరు ఆపింది. అది నెమరు ఆపితే మిట్టంతా ఊపిరి ఆపినట్టే.

"తినని వాడింట్లో జొన్నలెందుకుంటాయి? పాతర గింజలు ఎటు పోయాయో తెలిసిందిలే. పిల్లల్ని పిలిచింది కూడా వాడి ఆకలి తీర్చుకోవడానికే."

"నలుగురిలో నిలదీద్దాం మావయ్యా."

"వద్దమ్మా. ఎవరు తీశారని ఒక్కసారి అడిగామంటే, రేపు నీలాంటిది పాతర మెట్టు తొక్కడానికి జంకుతుంది. అడగొద్దు. దండ వేద్దాం."

తెల్లారేసరికి మిట్టంతా నక్క బొరియ ముందుంది. గాడిద సన్నాయి అందుకుంటే కొండ బీటలు వారింది. కుందేలు మోదుగుపూల దండ వేసింది.

"నక్క బావా, పాతర వట్టిపోయిందని నీ ఇంటి జొన్నలు పంచుతానన్నావట. కోడి చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంది. అంత బరువు నువ్వేం మోస్తావని బండి తెచ్చాం," అంది ఎద్దు.

నక్క బొరియకు అడ్డంగా జరిగింది. "అన్నాననుకో బావా... కానీ ఏవో నాలుగు గింజలు..."

"నీ మొహమాటం మాకు తెలీదూ?" అంటూ కోతి లోపలికి దూరింది. నూటపదహారు బుట్టలు బయటికొచ్చాయి. తొంభయ్యే అని గిట్టనివాళ్లంటారు.

దండ మెడలో వేసుకుని, తేలు కుట్టిన దొంగలా నిలబడింది నక్క.

"మావకు దండం పెట్టండర్రా," అంది కోడి పిల్లలతో. "ఇక్కణ్నుంచే. దగ్గరికెళ్లొద్దు."

పాతర నిండింది. ఆ పూట ఏడు పిల్లలూ పొట్ట పగిలేలా తిన్నాయి.

మరుసటేడు వానలు పడ్డాయి. తొలి పంట నాడు చుక్కల కోడి గుడ్డ కప్పిన బుట్టతో పాతరలోకి దిగింది. వెనకే ఏడు పిల్లలు, ముక్కున తలా ఒక గింజ కరుచుకుని. ఎందుకు దిగారని ఎవరూ అడగలేదు.

ఆకలిని ఆరా తీయని ఊళ్లో పాతర ఎండదు.