రాజుగారు గోడమీంచి పువ్వు కోసిన వైనం

నేను చెప్పేదాంట్లో ఆవగింజంత అబద్ధం ఉన్నా, ఈ నోట్లో మిగిలిన నాలుగు పళ్ళూ ఇప్పుడే రాలిపోవాలి. అక్షరం అక్షరం నిజం పిల్లా, విను.

ఒకానొక రాజ్యంలో దండభూపతి అనే రాజుండేవాడు. ఆయన కిరీటం ఎంత బరువంటే, మెడ చాలక ఇద్దరు బంట్లు వెనకనించి ఎత్తి పట్టుకునేవారు. ఆయనకి చెట్ల పిచ్చి. దారిలో ఏ చెట్టు నచ్చినా పేరు కనుక్కోవడం, వేళ్ళతో సహా తవ్వించడం, బండెక్కించి కోటకి తోలించడం.

ఒక వైశాఖంలో అడవిదారిన పోతూంటే, ఓ పల్లెలో మట్టిగోడ మీంచి ఒక చెట్టు తొంగిచూసింది. ఆకన్నది లేదు. ఒళ్ళంతా పసుపుపచ్చటి పూలగుత్తులు, జూకాల్లా కిందికి వేలాడుతున్నాయి. ఆ మెరుపుకి ఏనుగులు కూడా కళ్ళు మూసేసుకున్నాయి!

"దీని పేరేమి?" అన్నాడు రాజు.

ఆస్థాన పండితుడు పేరయశాస్త్రి తడుముకోలేదు. "కనకకుండల మహావృక్షం ప్రభూ! స్వర్గంలో తప్ప పెరగదు."

కొలువులో చమత్కారి చెన్నప్ప గోడ లోపలికి తొంగిచూసి ఫక్కున నవ్వాడు. "స్వర్గంలో కూడా చెట్టుకి మేకని కడతారా శాస్త్రిగారూ?"

రాజుకి ఒళ్ళు మండింది. "నవ్వావుగా, నువ్వే చెప్పు. మనవాళ్ళు ఇక్కడే పొయ్యి పెట్టి వంట దించేలోపు అసలు పేరు తెలియాలి. లేదా ఆ మీసం తీయించేస్తాను. అప్పటిదాకా నేనిక్కణ్ణించి కదిలేది లేదు!"

చెన్నప్ప మీసం సంగతి నీకు తెలీదు. దాని కుడికొస మీద పిచ్చుకల జంట కాపురం పెట్టింది. దాన్ని చూసుకునే ఆయన బతికేది. శాస్త్రి సంబరంగా మంగలికి కబురంపాడు.

చెన్నప్ప ఊరంతా తిరిగాడు. "చెట్టా? ఏ చెట్టు బాబయ్యా?" అన్నాడు ఆ చెట్టు నీడలోనే కూచున్న ముసలాయన. "నా కళ్ళకి ఏమీ ఆనట్లేదే!" పేరు బయటపడితే చెట్టు బండెక్కుతుందని ఊళ్ళో పాకే పిల్లలకి కూడా తెలుసు మరి.

అవతల పప్పు ఉడికిన వాసన వస్తోంది. ఇవతల మంగలి కత్తి నూరుతున్నాడు. అయినా చెన్నప్ప పట్టు వదల్లేదు. మీసం ఒకసారి దువ్వుకుని రాజు దగ్గరికి నడిచాడు.

"ప్రభూ, కిరీటం పక్కన పెట్టండి. గోడవార నక్కి, చెయ్యొక్కటే పైకి చాచి, ఒక గుత్తి తుంపండి."

"నేనా? దొంగలాగానా?"

"అచ్చం దొంగలాగానే. పేరు దానంతటదే వస్తుంది."

రాజు అటూ ఇటూ చూశాడు. మీసం మీద పందెం కాసింది ఆయనే, పేరు కోసం ప్రాణం పోతున్నదీ ఆయనకే. గోడవార వంగి చెయ్యి చాచాడు. కొమ్మ ఊగింది.

అంతే! గోడ లోపలనించి ఒక కేక లేచింది. ఆ కేకకి అడవిలో పులి పిల్లల్ని వెంటేసుకుని పొరుగురాజ్యానికి వలసపోయింది.

"ఎవడ్రా వాడు! కడవలకొద్దీ నీళ్ళు మోసి పెంచుకున్న నా రేలచెట్టు మీద చెయ్యేసింది! మీ ఇంట్లో పూలు పుట్టవట్రా? తీస్తావా, విరిచి పొయ్యిలో పెట్టనా?"

మాట వెనకే పేడముద్ద వచ్చి రాజుగారి మోచేతి మీద పడింది.

"రేలచెట్టు ప్రభూ!" అన్నాడు చెన్నప్ప. "అడిగితే నోరు కుట్టేసుకుంటారు. పువ్వు తుంపితే ఆగలేరు."

శాస్త్రి మెల్లిగా ఏనుగు చాటుకి తప్పుకున్నాడు.

ఆ ఇంటి లింగవ్వ చీపురుతో బయటికొచ్చింది. బంట్లని చూసింది, కిరీటాన్ని చూసింది. ఊరంతా ఊపిరి బిగబట్టింది.

"ఆ చెయ్యి రాజుదా?"

"నాదే అవ్వా."

"రాజుదైతే ఏంది? ముందు దించు!"

రాజు చెయ్యి దించాడు. ఒక్క క్షణం ఉరిమి చూశాడు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకి చెట్టు మీది పూలు సగం రాలాయి.

"తవ్వుకు పోతాననేగా ఇంత గోల?"

"తవ్విన చెట్టు నీ తోటలో ఒక్కటన్నా బతికిందా?" అంది లింగవ్వ. ఆమె కొమ్మ మీదినించి బల్లెమంత నల్లటి ఎండుకాయ తెంపి చేతిలో పెట్టింది. "ఇగో, గింజలున్నయి. నాటుకో. నీళ్ళు నువ్వే పోసుకో."

రాజు ఆ కాయని రెండు చేతులా పుచ్చుకున్నాడు. తన మెడలో హారం తీసి చెన్నప్ప మెడలో వేశాడు. ఆ పూట అందరికంటే ముందు లింగవ్వకే విస్తరి వేయించాడు.

కథ అయిపోయింది, ఇంక లే. మన నల్లకోడి పొద్దుటినించీ కనపడ్డంలేదు. పక్కింటి సీతాలుగారి దొడ్లో దూరిందేమో, పట్టుకురా. నెమలంత ఉంటుంది, గుర్తుపడతావులే.