బంగారు గుమ్మడి తొలిముక్క

కప్పలవాగుకి అవతల, మనిషి కాలు పడని ఎర్రమట్టి వాలు ఒకటుంది. అక్కడి జంతువులు గుమ్మడి పండిస్తాయి. నవ్వకండి, నిజమే చెబుతున్నా. ఎండాకాలం వాగు ఇంకిపోయి, ఆకు మాడి, అడవంతా ఆవురావురుమనే రోజుల్లో వాటి ప్రాణాలు నిలబెట్టేది గుహలో దాచుకున్న ఆ గుమ్మడికాయలే. కాయలుంటే పిల్లాజెల్లా గట్టెక్కినట్టు, లేకపోతే లేదు.

ఆ చేనుకి విత్తనకాపు ముసలి ఎద్దు కర్రెన్న. ఏటేటా గింజలు దాచి తొలకరికి అందరికీ పంచడం అతని పని. పద్ధతి కాస్త చాదస్తంగానే ఉండేది. ఎండలన్నీ తట్టుకుని చివరిదాకా కుళ్ళకుండా నిలిచిన కాయల్నే ఎంచేవాడు. వాటిని ఎలుగుబంటి భల్లయ్య గోటితో చీల్చి పెడితే, ప్రతిదాన్నుంచీ ఒక ముక్క నమిలి చూసేవాడు. తీపిగా ఉంటే దాని గింజలు కాసిని తీసి, బూడిదలో పొర్లించి, ఎండిన సొరబుర్రలో పోసేవాడు. అన్ని కాయల గింజలూ అందులో కలగాపులగం. అందుకే ఆ చేలో ఏ రెండు కాయలూ ఒక్కలా ఉండేవి కావు. ఒకటి కూజాలా మెడ సాగేది, ఇంకొకటి చపాతీలా చదునుగా పరుచుకునేది. ఒకదానికి పచ్చచారలు, ఒకదానికి ఒళ్ళంతా పులిపిర్లు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా కర్రెన్నకి ఆ వింత పాతబడలేదు. గింజని నాలుక చివర పెట్టుకుని, “నీలో ఎవరు దాక్కున్నారే తల్లీ?” అని అడిగేవాడు. వెర్రిబాగులోడు!

కోతల రోజు తొలిముక్క విత్తనకాపుది. అందరూ చుట్టూ నిలబడి చూస్తుండగా అతను తిని, ‘కానివ్వండి’ అంటేనే మిగతావాళ్ళు ముట్టాలి. నక్క చిత్తారయ్య కడుపుమంటంతా ఆ ముక్క మీదే.

ఒక వేసవి చివర చిత్తారయ్య ఒక గుమ్మడికాయని దొర్లించుకుంటూ వచ్చాడు. చేను చివర ఎవరూ వేయకుండా తనంతట తానే మొలిచిన పాదుకి కిందటి కోతలప్పుడు కాస్తే దాచుకున్న కాయ. ఎంత నున్నన! ఎంత పసుపు! చూసినవాళ్ళ కళ్ళు అక్కడే అతుక్కుపోయాయి.

“మచ్చ లేదు, మొటిమ లేదు. కాయంటే ఇదీ!” అన్నాడు చిత్తారయ్య. “మన చేలోవి కాయలా, దిష్టిబొమ్మల తలకాయలా? వాగవతలి అడవిదున్నలు మనల్ని చూసి పడీపడీ నవ్వుతున్నాయి.”

“అయ్యో, నవ్వుతున్నాయా?” అంది కుందేలు దూదక్క, సిగ్గుతో చెవులు వాల్చేసి.

“నవ్వవా మరి? ఈసారి చేనంతా దీని గింజలే వేద్దాం అక్కా. ఇదెలా ఉందో అన్నీ అలాగే కాస్తాయి.”

“రుచి చూశావా?” అన్నాడు కర్రెన్న.

“ఇంత లక్షణమైనదానికి రుచి కూడా చూడాలా మామా?”

“దాని తల్లి ఎవరో తెలీదు. పుప్పొడి ఏ పాదుదో అసలే తెలీదు. తేనెటీగ ఏ పువ్వులో పొర్లాడి ఏ పువ్వులో దూరిందో ఎవరు చూశారు? పిల్లలన్నీ ఒకే పోలికతో పుడతాయని ఎలా అంటావు?”

“తేనెటీగలు వచ్చి నీ చెవిలో చెప్పాయా మామా?”

అందరూ గొల్లుమన్నారు. చిత్తారయ్య గింజలు ఒక్కడే కూర్చుని తీసుకుని, గుజ్జుని తుప్పల్లోకి విసిరేశాడు.

మర్నాడు కర్రెన్న అటుగా వెళితే గుజ్జు విసిరింది విసిరినట్టే ఉంది. ఒక్క చీమ పట్టలేదు. అనుమానమొచ్చి నాలుక ఆనించాడు. చేదు! గొంతుదాకా పట్టేసింది. పరుగుపరుగున వచ్చి చెప్పాడు.

“నిన్న మేం నవ్వితే నీకు ఒళ్ళు మండింది కదా మామా, చేదు నీ నోటిదే,” అన్నాడు చిత్తారయ్య.

“పెద్దవాడివైపోయావు బావా, ఇక విశ్రాంతి తీసుకో. ఈ ఏటికి విత్తనకాపుగా చిత్తారయ్య ఉంటాడులే,” అన్నాడు భల్లయ్య జాలిగా.

ఆ జాలికే కర్రెన్నకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ అతని బాధ పరువు గురించి కాదు. దూదక్క వెనక గంతులేస్తున్న పసికూనల గురించి. వచ్చే ఎండలకి వీళ్ళేం తింటారు?

“సరే, పైనున్న రాళ్ళచెక్క, ఆ చిన్న పొలంముక్క ఒక్కటి నాకు వదిలేయండి,” అన్నాడు.

“తీసుకో మామా, నీ దిష్టిబొమ్మల్ని అక్కడ కాయించుకో!”

తొలకరి పడింది. కింది చేనంతా బంగారు కాయ గింజలు, పైన రాళ్ళ మధ్య కర్రెన్న సొరబుర్రలోని గింజలు మొలిచాయి. తీగలు పాకాయి, పూలు పూశాయి, తేనెటీగలు ముక్కూముఖం పసుపు చేసుకుని తిరిగాయి. పిందెలు ఊరసాగాయి.

కింది చేలో మొదటికాయ ముదురాకుపచ్చగా వచ్చింది. “దిష్టికి ఒకటి ఉండాలిలే,” అన్నాడు చిత్తారయ్య. రెండోది తెల్లగా, గుండ్రంగా. మూడోది సొరకాయంత పొడవు. ఆపైన చారలవి, గరుకువి, బూడిదరంగువి, గులకరాయిలా గట్టివి! చేనంతా వెతికినా తల్లిని పోలినది ఒక్కటీ లేదు.

కర్రెన్న గట్టు మీద నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. తనకి జరిగిన అవమానం, పడ్డ దిగులు అన్నీ మరిచిపోయాడు. “ఒక్క కడుపున ఇందరా!” అన్నాడు. పక్కనున్న భల్లయ్య కూడా గొంతు తగ్గించేశాడు. “ఇన్ని మొహాలు ఆ కాయలో ఎక్కడ పట్టాయి బావా?” ఇద్దరూ పొద్దు వాలేదాకా అలా చూస్తూనే ఉన్నారు.

“రంగుదేముంది, రుచి చూసి మాట్లాడండి!” అన్నాడు చిత్తారయ్య, బింకంగా.

కోతల రోజు వచ్చింది. చుట్టూ అందరూ నిలబడ్డారు. చిత్తారయ్య తోక ఎత్తి, గొంతు సవరించి, తొలిముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కళ్ళు పెద్దవయ్యాయి. మీసాలు వణికాయి.

“ఎలా ఉంది?” అన్నారందరూ.

“తే... తేనె!” అన్నాడు. కంట్లోంచి నీళ్ళు జారుతున్నాయి.

కర్రెన్న నెమ్మదిగా ముందుకొచ్చాడు. “అంత బాగుంటే ముక్కతో సరిపెట్టుకోవడమేంటి అల్లుడూ? విత్తనకాపువి, కాయంతా నువ్వే తిను. మేం చూసి సంతోషిస్తాం.”

భల్లయ్య ఇంకో పెద్ద ముక్క చీల్చి చేతికిచ్చాడు. ఇచ్చి కదల్లేదు. చిత్తారయ్య దాన్ని చూశాడు, జనాన్ని చూశాడు. కొరికాడో లేదో, “బాబోయ్!” అని తుపుక్కున ఉమ్మేసి వాగులో మూతి ముంచాడు.

ఎవరూ నవ్వలేదు. ఇంకో కాయ కోసి చూస్తే అదీ చేదే. దూదక్క కూలబడి ఏడ్చింది. “మామయ్యా, రాళ్ళచెక్కలోవి ఇందరికి చాలవు. నా పిల్లలకి ఏం పెట్టను?”

“ఏడవకమ్మా,” అన్నాడు కర్రెన్న. “ఒకే రూపం కాసి ఉంటే నేనూ ఆశ వదిలేసేవాణ్ణి. ఇన్ని రకాలు పుట్టినచోట తీపివాళ్ళు పుట్టకుండా ఉంటారా? ప్రతికాయా రుచి చూడాలి, అంతే.”

“ఎవరు చూస్తారు?”

తలలన్నీ వాగువైపు తిరిగాయి.

పాపం చిత్తారయ్య! కాయ వెంట కాయ, నమలడం, ఉమ్మడం. “చేదు... ఇదీ చేదే... చచ్చాను...” నాలుక మొద్దుబారింది, మొహం ముడుచుకుపోయింది. పారిపోదామంటే వెనక భల్లయ్య. చివరికి ఓ బూడిదరంగు కాయ దగ్గర ఆగిపోయాడు. నమిలాడు. ఉమ్మలేదు.

“ఇది... తీపి,” అన్నాడు, తన నోటిని తనే నమ్మనట్టు.

“మళ్ళీ మొదలెట్టావా?” అంది దూదక్క. కొరికి చూసింది. తిన్నగా వెళ్ళి పిల్లల్ని పిలుచుకొచ్చింది.

తర్వాత ఇంకొకటి తేలింది, ఆపైన మరికొన్ని. తీపికాయల కుప్ప పెరిగింది. రాళ్ళచెక్క కాయలతో కలిపితే ఎండాకాలం గడిచిపోతుందని తేలింది. కర్రెన్న ఆ కుప్ప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేదు తల్లికి ఇంత తీయని బిడ్డలు! కొమ్ములు నేలకానేలా తల వంచి దణ్ణం పెట్టుకున్నాడు.

“ఇక నన్ను వదిలేయండి,” అన్నాడు చిత్తారయ్య, వాచిన నాలుకతో.

“అప్పుడేనా? చేను ఆ చివరంతా ఇంకా మిగిలే ఉంది, పద,” అన్నాడు భల్లయ్య.

నీతి: కంటికి నచ్చిన ఒక్కదాన్నే నమ్ముకుంటే చేనంతా చేదవుతుంది, అన్నిటికీ చోటిచ్చినవాడికే కరువులో తీపి దొరుకుతుంది.